నీలిపూస బెజ్జం

కుమాసి,
2009 ఫిబ్రవరి 9.

అన్నయ్య నార్తేకు మామ్లే రాస్తున్న ఉత్తరం.

గడచిన శుక్రవారం సాయంత్రం, నలభై ఏడేళ్ళ వయసులో, రాత్రి బడి నుంచి నేను పట్టా అందుకున్నాను. కంప్యూటర్ మీద వెక్టర్ బొమ్మలు గీసే విద్యలో. చేరినప్పుడు ఇరవై ఆరుగురం, చివరికి మిగిలింది పదకొండుమందిమి. జాబితాలో నా పేరు నాలుగోది. గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. పందొమ్మిదేళ్ళుగా ప్రెస్సులో కాగితం కోసే యంత్రం దగ్గర నిలబడిన మనిషి పేరు ఒక జాబితాలో నాలుగో చోట కనిపించడం నమోదు చేయదగిన విషయమని రాస్తున్నాను.

వదిన పంపిన షిటో కారం సీసా అందింది. బస్సులో మూత వదులై, నూనె నీ ఉత్తరం మీదికి కారింది. సగం మాటలు చదవగలిగాను, సగం వాసన చూశాను.

ఇక అసలు సంగతి. యంత్రాల మీద చేసిన నకిలీ పూసలు కంటైనర్లలో దిగి కొఫోరిడువా సంతను ముంచేస్తున్నాయనీ, మన ఒడుమాసె పూసల సంఘం ప్రతి పొట్లం మీద అంటించడానికి ఒక గుర్తు కోసం వెతుకుతోందనీ విన్నాను. ఆ గుర్తు నేను గీస్తాను. నాన్న చేసిన, ఇప్పుడు నీవు చేస్తున్న నీలిపూస, మందుసీసా ముక్కల్ని కరిగించి చేసేది, వెలుగులో పెడితే లోపల దీపం ఉన్నట్టు కనిపించేది. అదే గీస్తాను. వెక్టర్ బొమ్మ గోరంత ఉన్నా గోడంత పెంచినా అంచు చెదరదు, కాబట్టి పొట్లానికీ పనికొస్తుంది, బోర్డుకీ పనికొస్తుంది.

ప్రతిఫలం ఏమీ అడగను. ఒక్కటే షరతు: బొమ్మ కింద చిన్న అక్షరాల్లో నా పేరు ఉండాలి. నీవు సంఘానికి కార్యదర్శివి కనుక ఈ మాట నీ ద్వారా వెళ్ళడం మర్యాద.

ఎదురుగా పెట్టుకుని గీయడానికి ఒక నీలిపూసను బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపవలసింది.

నీ చెల్లెలు,
మామ్లే


ఒడుమాసె,
ఫిబ్రవరి 20.

చెల్లీ,

పట్టా వచ్చిందని మీ వదిన వాడంతా తిరిగి చెప్పింది. సంతోషం. ఇకనైనా ఆ కోత యంత్రం దగ్గర వేళ్ళు జాగ్రత్త. పట్టా వచ్చినంత మాత్రాన అవి మళ్ళీ మొలవవు.

పూస పంపను. నీ మీద అనుమానంతో కాదు. పోయినేడు ఎవరో పెద్దమనిషి వచ్చి, మన పూసలు చేత్తో పట్టుకుని, ఫోటోలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, వదిన చేతి బాంకు ముద్ద తిని, చేతులు కడుక్కుని పోయాడు. మరుసటి పంట చేతికొచ్చే లోపల అవే పూసలు పెట్టెలకు పెట్టెలు సంతలో దిగాయి. అప్పటినుంచి కంప్యూటర్ అంటే ఇక్కడ అందరికీ మంట. నీలిపూస కుమాసికి పోయిందంటే సాకితే చిన్నాన్న నన్ను నిలబెట్టి కడిగేస్తాడు. ఆయన అధ్యక్షుడైన దగ్గరినుంచి నవ్వు మర్చిపోయాడు.

ఇంకో మాట. చిన్నమ్మ మేనల్లుడు అక్రాలో ఇదే పని చేస్తాడట. గుర్తు అప్పుడే ఇచ్చేశాడు. గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. ఎంతసేపు పట్టిందయ్యా అంటే, "నిమిషం, మామయ్యా" అన్నాడట. నిమిషంలో అయ్యేదానికి మామ్లే రెండేళ్ళు చదివిందా అని చిన్నాన్న అడిగాడు. నేనేం చెప్పను.

అయినా నువ్వు ఈ పెరట్లోనే పుట్టావు. పెళ్ళయ్యేదాకా పూసలకు సాన పట్టావు, దారాలు గుచ్చావు. నీలిపూస ఎట్లా ఉంటుందో చూడకుండా గీయలేవా?

నార్తే


కుమాసి,
మార్చి 9.

అన్నయ్యకు,

నీ చివరి వాక్యాన్ని సవాలుగా స్వీకరించాను. చూడకుండానే గీశాను. ముద్రించిన కాగితం దీనితో జతచేశాను. మడత బొమ్మ మీద పడకుండా అట్ట పెట్టాను. చిన్నాన్నకు ఇచ్చేటప్పుడు అట్టతోనే ఇవ్వు.

ఈ బొమ్మ పదకొండు పొరలు. అక్రా మేనల్లుడు చేసింది ఏమిటో నాకు తెలుసు. ఆ సాఫ్ట్‌వేర్‌లో 'గాజు' అని ఒక బొత్తం ఉంటుంది. నొక్కితే పై సగం మీద తెల్లటి అర్ధచంద్రం వచ్చి కూర్చుంటుంది. మా ప్రెస్సులో క్వబేనా కూడా ఇదే మాట అన్నాడు.

"ఆంటీ, రెండు వారాలుగా ఒక్క గుండ్రం గీస్తున్నావు. అది నొక్కితే గాజు వస్తుంది కదా."

"నొక్కి చూశాను నాయనా. చాక్లెట్ వచ్చింది."

"తినేవాళ్ళకు చాక్లెట్టే కావాలి ఆంటీ."

"మా ఇంట్లో మెళ్ళో వేసుకుంటారు," అన్నాను.

నీకు తెలియాలని చెబుతున్నాను. వెలుగు ఎడమవైపు పైనుంచి పడితే, రాయి మీద ఆ వైపే కాంతి ఉంటుంది. గాజు అట్లా కాదు. వెలుగు లోపలికి దూరి, అవతలి అంచు దాకా నడిచి, కుడివైపు అడుగున పోగవుతుంది. అందుకే నా బొమ్మలో ఎడమ పైభాగం ముదురు నీలం, కుడి అడుగుభాగం లేత నీలం. నీడలో కూడా నలుపు వాడలేదు. గాజు నీడ మధ్యలో నీలి వెలుగు మరక ఒకటి ఉంటుంది కదా, అది పెట్టాను. పారదర్శకతను ఎంత ఉంచానంటే, కింద గోధుమరంగు కాగితం ఉంటే అది పూసలోంచి కనిపిస్తుంది. మెరుపు అన్నిటికంటే చివర, చాలా చిన్నది, అంచులు మెత్తగా. మన పూసకు ఇసుకా నీళ్ళూ వేసి రాతి మీద సాన పడతాం. అద్దంలా తళుక్కుమనదు, తడిసినట్టు ఉంటుంది. ఆ తడి రావడానికే పది రోజులు పట్టింది.

మా మాస్టారు అడొమాకో గారు అనేవారు: "కింద ఉన్నది నిజమయ్యేదాకా మెరుపు జోలికి పోకండి." పోలేదు.

పదిహేనో తేదీ సమావేశంలో చూపించగలవు.

మామ్లే


ఒడుమాసె,
మార్చి 17.

మామ్లే,

చూపించాను. చూపించకుండా ఉంటే బాగుండేది.

మొదట అందరూ మెచ్చుకున్నారు. ఒకాయన గోరుతో గీకి చూశాడు, ఊడి వస్తుందేమోనని. చిన్నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు.

"ఇది ఏ ఇంటి పిల్ల గీసింది?"

"మన ఇంటి పిల్లే చిన్నాన్నా. మామ్లే."

"మన ఇంటి పిల్లకు నీలిపూస బెజ్జం తెలియదా?"

నువ్వు బెజ్జం తిన్నగా, ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే లావున గీశావు. మామ్లే, అది గాజుపిండి పూసకు ఉండే బెజ్జం. అచ్చులో పిండి నింపి, మధ్యలో కర్రపెండలం ఆకు కాడ గుచ్చితే, కొలిమిలో కాడ కాలిపోయి ఆ దారి మిగులుతుంది. నీలిపూస గాజుముక్కల్ని కరిగించి చేసేది. అందులో కాడ ఉండదు. ఎర్రగా ఉన్నప్పుడు ఊచ దించి పొడుస్తాం. ఆ బెజ్జం ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. నీలిపూసల్లో ఒకే లావు బెజ్జం ఒక్కవాటికే ఉంటుంది. కంటైనర్లలో వచ్చే నకిలీలకు.

నకిలీ పూసను ఎదురుగా పెట్టుకుని దాని మీద గీత దిద్దావని అందరూ అన్నారు. "పూస పంపనన్నావుగా, సంతలో కొనుక్కుని ఉంటుంది," అని ఒకరు. ఎంత నవ్వారనుకున్నావు. నకిలీల మీద పోరాడే సంఘానికి నకిలీ బొమ్మ తెచ్చిన కార్యదర్శినయ్యాను. తల కొట్టేసినట్టయింది. మధ్యలోనే లేచి వచ్చేశాను.

ఈస్టర్ సోమవారం అక్రా అబ్బాయి గుర్తుకే ఓటు వేస్తారు. నీ బొమ్మను నువ్వే వెనక్కి తీసుకుంటున్నట్టు రెండు ముక్కలు రాసి పంపు. పరువు దక్కుతుంది.

నార్తే


కుమాసి,
మార్చి 20.

అన్నయ్యకు,

వెనక్కి తీసుకోవడం లేదు.

బెజ్జం తప్పు. ఒప్పుకుంటున్నాను. తప్పు నాది, మోసం నాది కాదు. ఈ రెంటి మధ్య తేడా సంఘం మొత్తానికి తెలియకపోయినా నీకు తెలియాలి. నేను నకిలీ పూసను చూసి గీశానని ఎవరో అంటే నీవు లేచి వచ్చేశావు. లేచావు సరే. వచ్చేసే ముందు నోరు తెరవవలసింది.

నీలిపూస బెజ్జం నాకు ఎందుకు తెలియదో చెబుతాను. పదకొండేళ్ళ వయసులో కొలిమి దగ్గరికి వెళ్ళాను. ఎర్రటి ముద్ద లోపల ఏం జరుగుతుందో చూద్దామని వంగాను. సాకితే చిన్నాన్న నా రెక్క పట్టుకుని ముంగిలి దాకా ఈడ్చుకుపోయాడు. "ఆడపిల్లలది కాడలు కోసే పని," అన్నాడు. నీవు అప్పుడు పక్కనే ఉన్నావు, నీ చేతిలో ఊచ ఉంది. ఆ తర్వాత పన్నెండేళ్ళు కాడలు కోశాను. నా చేతులకు తెలిసిన బెజ్జం కాడ బెజ్జమే. అదే గీశాను.

నా వేళ్ళకు ఇంకొకటి కూడా తెలుసని నీ ఉత్తరం చదివాక గుర్తొచ్చింది. నీలిపూసలు గుచ్చేటప్పుడు దారం ఒకవైపు నుంచి సులువుగా దూరేది, రెండోవైపు నుంచి అడ్డం పడేది. దుమ్ము పట్టిందనుకుని ఊదేదాన్ని. వేల పూసలు ఊదాను. అది దుమ్ము కాదని ఆ పెరట్లో ఒక్కరూ చెప్పలేదు, ఎందుకంటే దారం గుచ్చేవాళ్ళెవరూ కొలిమి చూడలేదు, కొలిమి దగ్గరి వాళ్ళెవరూ దారం గుచ్చలేదు.

ఇరవై ఎనిమిదో తేదీ శనివారం ఒడుమాసె వస్తున్నాను. కొలిమి పక్కన నిలబడి నీవు బెజ్జం పొడవడం చూస్తాను. అనుమతి కోరుతూ రాయడం లేదు, వస్తున్నట్టు తెలియజేస్తూ రాస్తున్నాను. గడియ పెట్టుకుంటే మీ ఇష్టం. బయట నిలబడతాను. కుమాసి బస్సు దిగేవాళ్ళందరూ అడుగుతారు, చెబుతాను.

మామ్లే


ఒడుమాసె,
మార్చి 24.

మామ్లే,

రాకు. చిన్నాన్న ఊళ్ళోనే ఉంటాడు, శనివారం మన కొలిమి దగ్గరే కూర్చుంటాడు. ఆయన అరవడం మొదలుపెడితే ఎవరి మాటా వినడు. ఆ మాటలు పడలేక నువ్వు ఏడిస్తే మీ వదిన నన్ను బతకనివ్వదు. నీ వల్ల నాకు ఇప్పటికే మొహం చెల్లడం లేదు.

పన్నెండేళ్ళు కాడలు కోసింది మా చెల్లెలు ఒక్కతేనా? అందరూ కోశారు. అందరూ ఉత్తరాలు రాయలేదు.

రబ్బరు చెప్పులు వేసుకోకు. గాజు చుక్క పడితే కాలి చర్మానికి అతుక్కుపోతుంది. తోలువి వేసుకో. బట్టలు నూలువి. ఇది రమ్మనడం కాదు.

నార్తే


కుమాసి,
ఏప్రిల్ 6.

అన్నయ్యకు,

క్షేమంగా చేరాను. వదిన కట్టిచ్చిన చేపలు ఇంటి దాకా రాలేదు. పక్క సీట్లో ఒకావిడ దారి పొడవునా వాటి వంక చూస్తూ కూర్చుంది, పెట్టక తప్పలేదు.

ఏడవలేదని మరొకసారి గుర్తుచేస్తున్నాను. చిన్నాన్న అన్నవి, నేను అన్నవి నీవు విన్నావు కానీ, నీవు ఊచ వంకే చూస్తున్నావు కనుక కొన్ని జారిపోయి ఉంటాయి. రాసి ఉంచడం మంచిది.

"ఏమ్మా, కుమాసిలో కొలుములు లేవా?"

"ఉన్నాయి చిన్నాన్నా. వాటిలో మన పూసలు కాలవు."

"ఆడదాని నీడ పడితే కొలిమిలో గాజు పగులుతుంది, తెలుసా?"

"పగిలితే ఏరుకుని మళ్ళీ కరిగించండి. పగిలిన సీసాలతోనేగా చేస్తున్నారు."

దీని తర్వాత ఆయన లేచి వెళ్ళలేదు. నీవు ఆ పూట పదహారు పూసలు చేశావు. ఒక్కటీ పగల్లేదు. లెక్కపెట్టింది నేనొక్కదాన్నే కాదు.

ఇంకొకటి కూడా గమనించాను. నీవు మామూలుగా చేసే దానికన్నా నిదానంగా చేశావు. ఊచ దించేటప్పుడు భుజం పక్కకు తిప్పావు, నాకు కనిపించేలా. ఆ సంగతి నీవు ఒప్పుకోనక్కరలేదు.

కొత్త బొమ్మ జతచేశాను. ఊచ దిగిన చోట బెజ్జం వెడల్పు, బయటికి వచ్చిన చోట సన్నం. అది మాత్రమే అయితే ఒక్క సాయంత్రంలో దిద్దేదాన్ని. కానీ రెండో ఊచతో ముద్దను గుండ్రంగా తిప్పుతున్నప్పుడు, బెజ్జం చుట్టూ గాజు కొంచెం మెలిపడింది. వెలుగు ఆ మెలిక దగ్గర తిన్నగా పోలేదు, సన్నటి పాయలా ఒంగింది. నాన్న పూసల్లో కనిపించే ఆ లేత పాయ ఏమిటో నాకు ఇన్నేళ్ళూ తెలియదు. పాత బొమ్మలో ఉన్న పొరల్లో ఏడు తీసేసి మళ్ళీ గీశాను. పాయకే మూడు పొరలు పట్టాయి, ఒకదానికంటే ఒకటి పలచగా, చివర్లు కరిగిపోయేలా. మొత్తం పద్నాలుగు.

ఈస్టర్ సోమవారం ఈ బొమ్మనూ, అక్రా బొమ్మనూ, నీ పూసనూ, ఒక నకిలీ పూసనూ ఒకే బల్ల మీద పెట్టండి. ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కరలేదు.

షరతు మారలేదు.

మామ్లే


ఒడుమాసె,
ఏప్రిల్ 14.

మా మామ్లేకు,

గెలిచావు.

నువ్వు చెప్పినట్టే నాలుగూ బల్ల మీద పెట్టాను. చిన్నాన్న నీ కాగితం తీసుకుని గుమ్మం దాకా పోయాడు, ఎండలోకి పట్టుకున్నాడు. కాగితంలోంచి ఎండ కనపడుతుందా? ఆయనకు కనపడింది కాబోలు. "ఊచ ఎడమ నుంచి దిగింది," అన్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనే అన్నాడు. మళ్ళీ కూర్చుని అక్రా బొమ్మ చూశాడు. "ఇందులో ఊచ ఎటు దిగిందిరా?" అని అడిగాడు. దానికి అసలు బెజ్జమే లేదు. ఇన్నాళ్ళూ ఒక్కరమూ చూసుకోలేదు.

ముప్ఫై ఒక్క చేతులు లేచాయి.

పేరు సంగతి ఒకటుంది. సంఘం గుర్తు మీద ఒక మనిషి పేరు, అందులోనూ ఆడమనిషి పేరు ఉంటే మిగతా ఇళ్ళవాళ్ళు బాధపడతారని చిన్నాన్న అన్నాడు. అదీ నిజమే. బొమ్మ గెలిచాక పేరుకోసం నువ్వు పట్టుపట్టవులే అనుకుని, నీ తరఫున నేను సరేనన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. వదిన నీకోసం కోయడానికి కోడిని కూడా అనుకుంది.

ప్రెస్సువాళ్ళకు ఇవ్వడానికి ఫైలు పంపు. తొందరగా.

నీ అన్నయ్య,
నార్తే


కుమాసి,
ఏప్రిల్ 17.

అన్నయ్యకు,

ఫైలు పంపను.

మీ దగ్గర ఉన్నది కాగితం. దాన్ని చూసి ఎవరైనా మళ్ళీ గీయాలంటే ముందు ఆడవాళ్ళ నీడ పడిన కొలిమి ఒకటి వెతుక్కోవాలి.

నా తరఫున సరేననే అధికారం నీకు నేను ఇవ్వలేదు. మొదటి ఉత్తరంలో ఒకే ఒక్క షరతు రాశాను. నీవు దాన్ని చెల్లెలి అలకగా లెక్కవేశావు. బొమ్మ గెలిస్తే చాలు, మనిషి సర్దుకుంటుందని అనుకున్నావు. పందొమ్మిదేళ్ళు ఇతరులు గీసిన బొమ్మల అంచులు కోశాను. ఒక్కదాని కిందా పేరు లేదు. ఎవరు గీశారని అడిగితే యజమానికి కూడా తెలిసేది కాదు.

నీ పూసకు పేరు అక్కరలేదు. కొఫోరిడువాలో ఎవరైనా దాన్ని వేళ్ళ మధ్య తిప్పి "ఇది నార్తే చేసింది" అని చెప్పగలరు. గీతను చూసి అట్లా ఎవరూ చెప్పలేరు. ఇంకొక సంగతి సంఘం ఆలోచించలేదు. పూసను నకలు చేసినవాడు గుర్తును నకలు చేయలేడా? రేపే చేస్తాడు. అప్పుడు కొనేవాళ్ళు ఎవరిని అడగాలి? కింద ఒక పేరు ఉంటే ఆ పేరు గల మనిషి వచ్చి, ఇది నేను గీసింది, అది నేను గీయనిది అని నలుగురి ముందు చెబుతుంది. పేరు అలంకారం కాదు, పూచీ.

మిగతా ఇళ్ళవాళ్ళు బాధపడతారని చిన్నాన్నకు తోచింది. నేను బాధపడతానని నీకు తోచలేదు.

పేరుతో అయితే పద్నాలుగు పొరలూ ఆ రోజే పంపుతాను. పేరు లేకుండా ఒక్కటీ రాదు. వదినతో కోడిని బతకనివ్వమని చెప్పు.

మామ్లే


ఒడుమాసె,
మే 2.

మామ్లే,

రెండు వారాలు నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. మొదటి వారం నీ మీద కోపంతో. రెండో వారం వదిన దాన్ని జేబులోంచి తీసి, నాకు వినపడేట్టు రెండుసార్లు చదివింది. "పదకొండేళ్ళ పిల్లను ఈడుస్తుంటే నువ్వు పక్కన ఊచ పట్టుకుని నిలబడ్డావట, నిజమేనా?" అని అడిగింది. నిజమే అన్నాను. ఆ పూట అన్నం వడ్డించి తను వేరే గదిలో తింది.

నిన్న సమావేశం పెట్టించాను. నీ ఉత్తరంలో పేరు సంగతి ఉన్న ముక్క చదివి వినిపించాను. చిన్నాన్న అన్నాడు:

"ఆడపిల్ల బెదిరిస్తే సంఘం వంగుతుందా?"

"బెదిరించడం లేదు చిన్నాన్నా. తన సొమ్ము తన దగ్గర పెట్టుకుంది."

"అయితే అక్రా బొమ్మే వేసుకుంటాం. బెజ్జం మేం గీసుకుంటాం."

"వేసుకోండి. చాక్లెట్ పొట్లాల్లో నా పూసలు పెట్టను."

ఈ మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. వచ్చాక మాత్రం దాన్ని వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఎవరూ నవ్వలేదు. పొట్లాల మీద సంఘం గుర్తు వేయనివాడు సంఘంలో ఉండకూడదని తీర్మానం చేశారు. ఆ తీర్మానం నా చేతే రాయించారు, కార్యదర్శిని కదా. తప్పుల్లేకుండా రాసి, కింద సంతకం పెట్టి, పుస్తకం చిన్నాన్న ఒళ్ళో పెట్టి వచ్చాను. ఈసారి నోరు తెరిచే లేచాను.

కాబట్టి నీ బొమ్మ ముప్ఫై ఒక్క ఇళ్ళకు పోదు. మన ఒక్క ఇంటికే. నువ్వు కోరుకున్నది ఇది కాదని తెలుసు. నేను ఇవ్వగలిగింది ఇదే. సంఘం వరసలో మనకు చోటు ఉండదు కనుక, వచ్చే గురువారం కొఫోరిడువా సంత గేటు బయట చాప వేస్తాను. అక్కడ ఎండ ఎక్కువ. నీలిపూసకు ఎండే కదా కావాలి.

నిన్న తిన్నగా కొఫోరిడువా పోయి ప్రెస్సువాడితో మాట్లాడాను. నీ కాగితం చూపించి, ఫైలు వస్తోంది, ఇట్లాగే రావాలి, నీలం తగ్గించావంటే ఊరుకోను అన్నాను. కింద వేయాల్సిన పేరు రాసిచ్చాను. వాడు చదివి తల గోక్కున్నాడు.

"మామ్లే అంటే కంపెనీ పేరా?"

"కాదు, మనిషి. బొమ్మ గీసినావిడ."

"గీసినవాళ్ళ పేరు ఎవరూ వేయించరే, పెద్దాయనా."

"నేను వేయిస్తున్నాను," అన్నాను.

ఫైలు పంపు.

నార్తే